తాత తాగడు

నీలం నగర్, సోలాపూర్
జూన్ 19, 2025

వీరేష్‌కు,

నీకు ఏ ఉత్తరం రాసినా ముందు 'చిరంజీవి' అని పెట్టడం నా అలవాటు. ఈసారి చెయ్యి రాయనన్నది. కోపం తగ్గాక రాస్తాను, తగ్గితే.

నాయనమ్మ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని నీ చెల్లెలు శీతల్‌ను అడిగావట. ఫోన్‌లో అయితే అరుస్తాను. అరిస్తే దగ్గు వస్తుంది. సగం తిట్లు లోపలే మిగిలిపోతాయి. తాగుడూ మత్తు గోలీలూ మాన్పించడానికి నిన్ను ఆ కేంద్రంలో పెట్టినప్పుడు అక్కడ ఫోన్ ఇచ్చేవాళ్లు కాదు, మనం ఉత్తరాలే రాసుకున్నాం. అప్పుడే నాకు తెలిసింది, నోటితో వచ్చినంత సులువుగా నీకు రాతలో అబద్ధం రాదని. నువ్వుండే కుంభారి ఇక్కడికి ఎంత దూరమని? సిటీ బస్సు ఎక్కితే టికెట్ చింపేలోగా వస్తుంది. అయినా ఉత్తరమే రాస్తాను.

మీ తాత పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. మీ నాన్న లేడు కాబట్టి కర్తవు నువ్వు. అన్నం, బోటి కూర, గారెలు, ఆయనకు ఇష్టమైనవన్నీ ఏడుపు ఆపుకుని నేనే వండాను. విస్తరి పెట్టి పక్కకు జరిగాం. కాకి రాలేదు. ఎండ నెత్తికెక్కింది, వచ్చిన ఆడవాళ్లు చెంగులు కప్పుకున్నారు, కాకి రాలేదు. అప్పుడు మీ చిన్నతాత నరసయ్య సంచిలోంచి సీసా తీశాడు. "గిలాస లేకుంటె అన్న ముట్టడు. నాకు ఎర్కలేదా మా అన్న సంగతి?" అని గ్లాసు నింపి నీ చేతికిచ్చాడు. కర్త దాన్ని పెదవులకు తాకించి విస్తరి పక్కన పెట్టాలి. మా అత్తగారి కాలం నుంచి ఈ ఇంట్లో ఉన్న పద్ధతి అది.

నువ్వేం చేశావు? గ్లాసును నేలకు కొట్టావు. అంతమంది చూస్తుండగా చెప్పులేసుకుని, బండి ఎక్కి వెళ్లిపోయావు. తాతకు వీపు చూపించి వెళ్లిపోయావు. చివరికి ఆ విస్తరిని ఆవుకు పెట్టి ఇంటికి వచ్చాం.

"తొమ్మిదేండ్లాయె గద వదినె వీడు మానేసి. ఇంక గింత వాసనకే పడిపోతడా?" అన్నాడు నరసయ్య. నాకూ అదే ప్రశ్న ఉంది.

ఒక సంగతి తెలుసుకో. పెళ్లయిన నాటి నుంచి మీ తాతకూ ఆ సీసాకూ మధ్య అడ్డం నిలబడ్డది నేను. చద్దర్ల మగ్గం మీద అంత నిదానంగా కూర్చునే మనిషి, సాయంత్రమయ్యేసరికి గోడ పట్టుకుని వచ్చేవాడు. చివరి నాలుగేళ్లలో ఆయన్ను వారానికి ఒక్క మంగళవారానికి దించాను. నా గట్టితనం వల్లే దిగాడు. మంగళవారం సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లేవాడు. ఎర్రటి కళ్లతో, ఏలకులు నములుతూ వచ్చేవాడు. ఏలకులు ఏ వాసన కప్పడానికో నాకు తెలియదా? మిగతా రోజుల్లో నరసయ్య గేటు దగ్గర నిలబడి పిలిస్తే "ఆజ్ నాహీ" అనేవాడు. ఇవాళ వద్దట! మంగళవారం కోసం దాచుకునేవాడు. ఆ ఒక్క పూటకూ నేను ముఖం తిప్పుకునే కంచం పెట్టాను.

బతికి ఉన్నన్నాళ్లూ అడ్డం పడ్డాను. పోయాక కూడా పడాలా? కాకి ముట్టలేదంటే ఆయన తీరని దాహంతో ఎక్కడో తిరుగుతున్నాడు. ఆ దాహం తీర్చాల్సినవాడివి నువ్వు, గ్లాసు పగలగొట్టావు.

ఆరో నెల మాసికానికి వచ్చి, అందరి ముందూ ఆ గ్లాసు నీ చేత్తో పెట్టు. అది పెట్టేదాకా నా గడప తొక్కకు. ఆ రోజు కూడా రాకపోతే నా తలకొరివి నీది కాదు. శీతల్ చేత పెట్టించుకుంటాను. ఊరు ఏమన్నా అనుకోనీ.

చంద్రభాగ

*

రాయనగర్, కుంభారి
జూన్ 27

నాయనమ్మకు నమస్కారం.

నీ ఉత్తరం టవల్ కార్ఖానాకు తీసుకెళ్లి, మధ్యాహ్నం డబ్బా తినకుండా చదివాను. మళ్లీ చదివాను. నువ్వు 'చంద్రభాగ' అని సంతకం పెట్టావు, 'నాయనమ్మ' అని పెట్టలేదు. అది కూడా చూశాను.

గ్లాసు కొట్టినందుకు వంగి దండం పెడతాను. దాన్ని చిన్నతాతకు తిరిగిచ్చి వెళ్లాల్సింది. విస్తరి దగ్గర పెట్టనందుకు మాత్రం దండం పెట్టను.

వాసనకు పడిపోతానా అని చిన్నతాత అడిగాడు కదా. పడిపోను. దేశీ దారు దుకాణం ముందు నుంచే రోజూ కార్ఖానాకు పోతాను. రాత్రి పాళీ పనిలో నిద్ర రాకుండా కుర్రాళ్లు గోలీలు పంచుకుంటుంటే పక్క మగ్గానికి జరిగి దారం అతుకుతాను. దగ్గు మందు కొన్నా సీసా మీది అక్షరాలన్నీ చదివి కొంటాను. ఇదంతా కష్టపడి చేస్తున్నట్టు కూడా ఉండదు ఇప్పుడు, పళ్లు తోముకున్నట్టు ఉంటుంది. కానీ పెదవికి తాకించి ఊరుకోవడం నాకు రాదు, నాయనమ్మా. అందరికీ ఉండే ఆ 'కొంచెం' నాకు లేదు. తొమ్మిదేళ్లయింది కాబట్టి వచ్చి ఉంటుందని మీరు అనుకుంటారు. నేను అలా అనుకున్న రోజు మళ్లీ మీరంతా కలిసి నన్ను ఎత్తుకుపోవాలి. నన్ను మురుగు నాళాలోంచి లాగింది నువ్వే. మరిచిపోయావా? నీ చీర కుచ్చిళ్లన్నీ బురద.

అయినా నా సంగతి పక్కన పెట్టు. నన్ను తాకించమనకుండా, ఊరికే విస్తరి పక్కన పెట్టమన్నా పెట్టను. తాత తాగడు. మీరంతా ఆ గ్లాసు ఎవరి కోసం పోశారు?

ఇంతకంటే రాయలేను.

వీరేష్

*

నీలం నగర్
జూలై 21

వీరేష్‌కు,

నువ్వు రాసిన ఒక వాక్యాన్ని మూడు వారాలుగా తిప్పి తిప్పి చదువుతున్నాను. 'తాత తాగడు.'

చచ్చినవాడు తాగడని నాకు నేర్పుతున్నావా? పాఠశాలలో రెండు తరాల పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, పోయినవాళ్లు లేచి వచ్చి గ్లాసు ఎత్తరని నాకు తెలియదనుకున్నావా? పోయినవాడు తినడు కూడా. మరి బోటి కూర ఎందుకు వడ్డించావు? గారెలు ఎందుకు పెట్టావు? తినడం వరకు నమ్మకమా, తాగడం దగ్గర మూఢనమ్మకమా? భర్త పోయిన ముసలిదాన్ని వెటకారం చేయడం తాగుడు మానేవాళ్ల ఆ మీటింగులలో నీకు నేర్పారా?

ఆ మీటింగుల సంగతి కూడా అడుగుతాను. అక్కడ వారం వారం నిలబడి 'నేను తాగుబోతును' అని చెప్పుకుంటావట. నీ పెళ్లికి చూసిన రెండు సంబంధాలు ఆ మాట వల్లే పోయాయి. 'తాగుబోతును' అని ఆ పిల్ల తండ్రి ముందే అన్నావు! 'ఒకప్పుడు తాగేవాణ్ణి' అని ఒక్క మాట మార్చి చెబితే నీ నోరు కాలుతుందా? బతికి, మానేసిన నువ్వు తాగుబోతువట. తాగుతూ పోయిన మీ తాత మాత్రం తాగడట. ఇది ఏ వ్యాకరణమో నాకు తెలియదు.

మొదటి మాసికం నరసయ్య చేత పెట్టించాను. గ్లాసు కూడా పెట్టాడు. కాకి ప్రహరీ మీద కూర్చుని, అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. కర్త చేత్తో పెడితేనే ముడుతుందని అందరూ అన్నారు. నువ్వు చేసిన పనికి మీ తాత నెల నెలా ఉపవాసం ఉంటున్నాడు.

నేనన్న మాటలో మార్పు లేదు. ఆరో నెల మాసికం.

చంద్రభాగ

*

కుంభారి
ఆగస్టు 4

నాయనమ్మకు,

నేను వెటకారం చేయలేదు. ఆ వాక్యంలో తప్పు లేదు. ఎర్ర సిరా పక్కన పెట్టి ఇంకోసారి చదువు.

నువ్వు ఏం తిట్టినా పడతాను, అది మాత్రం విప్పి చెప్పలేను. మాట ఇచ్చాను. మాట ఇచ్చి తప్పడంలో నాకున్నంత అనుభవం మన ఇంట్లో ఎవరికీ లేదని నీకు తెలుసు. ఈ ఒక్కటి తప్పను.

వీరేష్

*

నీలం నగర్
నవంబర్ 17

వీరేష్‌కు,

మూడు నెలలుగా నేను రాయలేదు, నువ్వూ రాయలేదు. దీపావళికి నీ చెల్లెలు ఒక్కతే గుమ్మంలో దీపాలు పెట్టింది. నువ్వు వీధి చివర బండి ఆపి, దానికి మిఠాయి డబ్బా ఇచ్చి, అటు నుంచి అటే పోయావని తెలుసు. గడప తొక్కవద్దంటే అంత ఖచ్చితంగా పాటిస్తావు. మిగతావన్నీ ఎందుకు పాటించవు?

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. శనివారం సాయంత్రం ఆ దేశీ దారు దుకాణం ముందు నీ బండి నిలబడి ఉందట. నరసయ్య చూశాడు. ఇంటికి వచ్చి, నవ్వు దాచుకుంటూ చెప్పాడు. "నేను జెప్పలే వదినె? సాకు జెప్పి గిలాస వగలగొట్టిండు గని, లోపల జీవి గుంజుతనే ఉన్నది." శీతల్ ఆయన మీద చెంబు విసిరింది. తగల్లేదు. తగిలి ఉంటే బాగుండేదని నేను కూడా అనుకున్నాను.

కానీ రాత్రంతా లేచి గేటు దాకా వెళ్లి వస్తూనే ఉన్నాను. అబద్ధం చెప్పకుండా రాయి. బండి నీదేనా? లోపలికి వెళ్లావా? నీకు నాలుగు రోజులు సమయం ఇస్తున్నాను. జవాబు రాకపోతే ఆటో ఎక్కి నేనే కుంభారి వస్తాను. వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు.

మాసికం డిసెంబర్ పద్నాలుగున.

నాయనమ్మ

*

కుంభారి
నవంబర్ 20

నాయనమ్మా,

ఈసారి 'నాయనమ్మ' అని సంతకం చేశావు. అందుకే మొత్తం రాస్తున్నాను.

బండి నాదే. లోపలికి వెళ్లలేదు. అయితే అది నా గొప్పతనం కాదు. తలకొరివి మాట నాలో నానుతూనే ఉంది. ఆ రోజు కార్ఖానాలో మగ్గం ఆగిపోయి సేఠ్ కూడా అరిచాడు. తిరిగి వస్తూ బండి ఆపాను. ఎందుకు ఆపానో నాకు తెలుసు, తెలియదని అబద్ధం చెప్పను. ఇన్నేళ్లలో అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. బండి మీదే కూర్చుని దత్తాత్రి గారికి ఫోన్ చేశాను. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ మీటింగుకు నాకంటే చాలా ముందు నుంచి వస్తున్నాడు. "కదలకు, వస్తున్న" అని ఆటోలో వచ్చాడు. దిగి, నా బండి వెనక సీటు మీద ఎక్కి కూర్చుని, "కాయ్ రే, కుణాచా రాగ్ పితోస్?" అన్నాడు. ఎవరి కోపం తాగుతున్నావురా అని. నాకు ఏడుపు వచ్చింది.

నీకు చెప్పకూడని మాట ఒకటి ఉందని, అది దాచడం వల్లే నీకూ నాకూ ఇలా అయిందని చెప్పాను. చెప్పేయనా అని అడిగాను. "ఆమె మీద గెలిచేందుకైతే చెప్పకు. నువ్వు నిలబడేందుకైతే చెప్పు" అన్నాడు. నేను నిలబడాలి. అందుకే చెబుతున్నాను.

తాత నాలుగేళ్లుగా తాగలేదు.

మంగళవారాలు ఆయన నాతో మీటింగుకు వచ్చేవాడు. మొదటిసారి నేను పిలవలేదు. మన వీధి చివర నా బండి ఆపి, వెనక ఎక్కి, "నువ్వు వారం వారం యాడికి వోతవో గాడికి నన్ను గూడ తీస్కవో" అన్నాడు. ఒక బడి గదిలో పిల్లల బెంచీల మీద కూర్చుంటాం. మోకాళ్లు పట్టవు. ఆయన పొడుగు మనిషి కదా, అడ్డంగా తిరిగి కూర్చునేవాడు. చాలా నెలలు నోరు తెరవలేదు. ఒక రోజు లేచి, అందరూ మరాఠీలో చెబుతుంటే తాను తెలుగులో చెప్పాడు. సగం మందికి అర్థం కాలేదు, అయినా ఎవరూ కదల్లేదు. ఏం చెప్పాడో నీకు కూడా రాయను. ఆ గదిలో విన్నది ఆ గదిలోనే వదిలి రావాలి. ఎవరు వచ్చారో కూడా బయట చెప్పకూడదు. ఆ నియమం వల్లే నేనీరోజు బతికి ఉన్నాను.

కళ్లు ఎర్రగా ఉండేది ఏడ్చి. ఏలకులు ఉండేది, అక్కడ చాయ్ పెట్టే పని ఆయన తీసుకున్నాడు కాబట్టి. ఇంట్లో ఏలకులు తొందరగా అయిపోతున్నాయని నువ్వు శీతల్‌ను తిట్టేదానివి, గుర్తుందా? జేబులో దంచి తెచ్చేవాడు. దాంట్లోంచి ఒకటి నోట్లో వేసుకునేవాడు.

'ఆజ్ నాహీ' కూడా ఆ గది మాటే. మన భాషలో 'తాగను' అంటే ఇవాళా రేపూ ఎన్నటికీ అన్నీ అందులోకి వస్తాయి. అంత పెద్ద మాట మాలాంటివాళ్లు మోయలేరు. ఇవాళ్టికి వద్దు, అంతే. రేపు పొద్దున మళ్లీ ఇవాళ్టికి వద్దు. చిన్నతాత గేటు దగ్గర పిలిచిన ప్రతిసారీ తాత అదే అన్నాడు. నీకు మంగళవారం కోసం దాచుకుంటున్నట్టు వినిపించింది.

నాయనమ్మకు చెప్పరాదా తాతా అని ఎన్నిసార్లో అడిగాను. "చెప్తె ఆమె లెక్క వెడ్తదిరా. ఇయ్యాల్టికి ఎన్నొద్దులాయె, ఇంకెన్నొద్దులుంటడు అని. పడ్డననుకో, అదొక లెక్క. మొత్తం బతుకు ఆమె కాపీ దిద్దినట్టు దిద్దింది. ఇదొక్కటి నా చేతి రాత ఉండనియ్యి" అన్నాడు. అని నవ్వాడు. కోపంతో కాదు, నాయనమ్మా. నీ సంగతి చెప్పేటప్పుడు ఎప్పుడూ నవ్వేవాడు.

ఆయన ముందు ఆ గ్లాసు నేనెలా పెట్టను? తాగని మనిషిగా పోయాడు. పోయాడు కాబట్టి తాగకపోవడం కాదు. తాత తాగడు.

మాసికానికి రమ్మంటే వస్తాను. గ్లాసు ఉంటే రాను. తలకొరివి నీ ఇష్టం.

నీ
వీరేష్

*

నీలం నగర్
డిసెంబర్ 14

చిరంజీవి వీరేష్‌కు,

రాశాను, చూశావు కదా. కోపం తగ్గిందని మాత్రం అనుకోకు. తగ్గలేదు. ఇప్పుడు ఇద్దరి మీద ఉంది, అందులో ఒకాయన దొరకడు.

నాలుగేళ్లు నా పక్క మంచం మీద పడుకున్నాడు. మా ఆయన్ను వారానికి ఒక్క రోజుకు దించానని నేను ఈ వీధిలో ప్రతి ఇంట్లో చెప్పుకున్నాను. మహిళా మండలి మీటింగులో లేచి నిలబడి చెప్పాను! ఆయన అదే అరుగు మీద కూర్చుని విన్నాడు. మీసం కింద నవ్వాడు కూడా. ఏమిటా నవ్వు అంటే "ఏం లేదు, నువ్వు మంచిగ మాట్లాడ్తవ్" అన్నాడు. ఆ మనిషి ఇప్పుడు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకు తెలుసు. ఈ ఉత్తరంలో రాయను, శీతల్ చదువుతుంది.

నీ మీద కోపం ఇంకా పెద్దది. ఒక్క మంగళవారం చెప్పి ఉంటే ఆ రాత్రి కంచం ముందు నేను ముఖం తిప్పుకునేదాన్ని కాదు. మీ గది నియమం గొప్పదే కావచ్చు, నేను కాదనను. కానీ మీ ఇద్దరూ కలిసి నాకు ఆ పూటలు లేకుండా చేశారు. తప్పు ఒప్పుకుంటానని ఎదురుచూడకు. లెక్క పెట్టకుండా ఉండి ఉంటే ఈ ఇల్లు నిలబడేదే కాదు.

నీ ఉత్తరం వచ్చాక నిన్ను మాసికానికి పిలుస్తూ రాయలేదు. కావాలనే. నువ్వు ఎదురుగా ఉంటే నీ కోసం చేశాననుకుంటారు. ఆయన కోసం చేయాలనుకున్నాను. విస్తరి శీతల్ చేత పెట్టించాను.

నరసయ్య అలవాటుగా సీసా తీశాడు. "మూత వెట్టు" అన్నాను.

"అదేంది వదినె?"

"మా ఆయన తాగడు."

నేను అంత చక్కగా చెబితే ఆయనేమన్నాడో తెలుసా? "సచ్చినోడు ఎట్ల తాగుతడు వదినె! ఊకె పద్ధతికి పోస్తం గద" అని అందరి వైపూ చూసి నవ్వాడు. అచ్చం నేను నిన్ను తిట్టినట్టే. అప్పుడు తెలిసింది, ఆ వాక్యంలో తప్పు లేదని. నా ఒళ్లు మండిపోయింది. ఆయన మీదో, నా మీదో, మన భాష మీదో.

"పద్ధతా? ఈ ఇంటికి కోడలిగ వచ్చినదాన్ని, నాకు నేర్పుతున్నవా? తియ్యి దాన్ని" అన్నాను.

"మరి ఎప్పుడు పోసుడు? సంవత్సరీకానికా?"

"ఆజ్ నాహీ" అన్నాను.

నా నోట ఆ మాట విని నరసయ్య మూత తిప్పి సీసాను సంచిలో పెట్టాడు. ఆయన ఎన్నేళ్లు విన్న మాట అది! ఎందుకు, ఏమిటి అని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఒక్కరికీ చెప్పలేదు. అది మీ తాత సంగతి. ఆయన ఎవరికి చెప్పలేదో వాళ్లకు నేనూ చెప్పను. శీతల్‌కు కూడా, కాబట్టి ఈ కాగితం ఇప్పుడే కవరులో పెట్టి అంటిస్తాను. చదువుతుందని పైన రాశాను, అది పొద్దున రాసిన మొదటి పేజీ, కొట్టేయడం నాకు ఇష్టం లేదు.

సీసా బదులు చాయ్ పెట్టాను. ఏలకులు దంచి వేశాను. ఎక్కువే వేశాను.

ఇక తలకొరివి. శీతల్‌కు మాట ఇచ్చాను, వెనక్కి తీసుకోను. ఇద్దరూ ఒకే కట్టె పట్టుకుని పెట్టండి. మూడో రోజు ఎవడైనా సంచిలోంచి సీసా తీస్తే కాకితో పాటు నేనే వచ్చి వాలతాను.

మంగళవారం మీటింగుకు పోయే ముందు ఇంటికి రా. గడప బయట నిలబడి గొంతు సవరించుకోకు, చెప్పులు విప్పి లోపలికి రా. మీ గదిలో ఇప్పుడు చాయ్ ఎవరు పెడుతున్నారో తెలియదు, ఏలకులు దంచి డబ్బాలో పోసి ఉంచుతాను. ఎన్ని పెట్టానో లెక్క పెట్టను. మళ్లీ అయిపోతే శీతల్‌ను తిట్టను.

కాకి ముట్టిందా అని అడుగుతావు. చిన్నప్పటి నుంచీ నువ్వు ఆఖరున అడిగే ప్రశ్న ముందే తెలుస్తుంది నాకు. నాలుగేళ్లు మీరిద్దరూ నాకు చెప్పలేదు కదా.

నేనూ చెప్పను.

నాయనమ్మ